మీట గల గిటారు: కొనుటకు ముందు తెలియవలసినవి
(తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో మాతృభాషా బోధనను గూర్చియో, పరీక్షలను గూర్చియో ప్రసంగించుట ఆచారము. కార్యదర్శిగారు నాకు ఒప్పగించిన విషయము వేరు. సంగీత తరగతిలో గిటారు నేర్చుకొను పిల్లలు కొందరు ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటారు కావలెనని ఇండ్లలో పట్టుపట్టుచున్నారట. తండ్రి అంగడికి పోవును. అంగడివారు మూడు గిటారులు వరుసగా పెట్టి, "దీనికి ట్రెమొలో లేదు, దీనికి ఉన్నది, దీనికి ఫ్లాయిడ్ రోజ్ ఉన్నది" అందురు. పిల్లవాడు మూడవదానిని చూపును. తండ్రి వెల చీటిని చూచును. ఆ క్షణమున ఆయనకు ఉపయోగపడునట్లు నాలుగు మాటలు చెప్పుమని ఆజ్ఞ. తంత్రీవాద్యములను బాగుచేయుట నా వృత్తి కనుక అంగీకరించితిని.

వెల ఒక్కటే సమస్య అయినచో ఇందుకొక సభ అక్కరలేదు. ఇందులో పిల్లవాని చెవి సంగతి ఉన్నది. నేర్చుకొను తొలి రోజులలో చెవి నిత్యము దేనిని వినునో దానినే సరియైన శ్రుతిగా గ్రహించును. శ్రుతి నిలువని వాద్యము నిచ్చి సాధన చేయుమనుట, ముల్లు వంకరపోయిన త్రాసు నిచ్చి వర్తకము నేర్వుమనుట వంటిది. నా వద్దకు మరమ్మతునకు వచ్చు గిటారులలో పెక్కింటికి విరిగినది, చెడినది ఏదియు నుండదు. "ఎంత సరిచేసినను శ్రుతి కుదరదు, మావాడు విసిగి మూల పెట్టినాడు" అందురు. వాడు తనకు సంగీతము రాదని నిశ్చయించుకొనును. నిజమునకు వానికి రానిది సంగీతము కాదు, ఆ గిటారునకు అమర్చిన బ్రిడ్జిని లొంగదీయుట. అది పెద్దవారికే సులభముగా రాదు.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. సంగీతశాస్త్ర పరిభాషలో ట్రెమొలో అనగా నాదము యొక్క బిగ్గర, తగ్గులు వేగముగా మారుట. స్వరస్థానమే కొంచెము పైకి, క్రిందికి ఊగుట విబ్రాటో. మీట నొక్కినప్పుడు జరుగునది రెండవది. అయినను అమెరికాలో లియో ఫెండర్ తన గిటారు మీటకు ట్రెమొలో అని పేరు పెట్టెను. అంతటితో ఆగక, నిజముగా ట్రెమొలో చేయు తన ఆంప్లిఫయరులకు విబ్రాటో అని పేరు పెట్టెను! రెండు పేర్లును తారుమారైనవి, లోకము అట్లే అంగీకరించినది. అంగడిలో మీరును ట్రెమొలో అనియే అడుగుడు. శాస్త్రము చెప్పబోయినచో అంగడివాడు మరియొక వస్తువును తెచ్చి చూపును.

ఇక ఆ వస్తువు పని. మన వీణకు గుర్రము ఎట్టిదో, గిటారునకు బ్రిడ్జి అట్టిది. తంత్రులు దానిపై ఆని నిలుచును. కదలని బ్రిడ్జి గల గిటారులో అది చెక్కకు బిగింపబడి యుండును. మీట గల గిటారులో అది ఊగును. మీటను లోనికి నొక్కినచో తంత్రులు వదులై స్వరము దిగును, పైకి లాగినచో బిగిసి ఎక్కును. చెప్పుట కింతే. కాని ఆ తంత్రుల బలమెంతో ఊహింపుడు. "తొమ్మిది" జత అని పిలుచు సన్నని తంత్రులను, అనగా మొదటి తంత్రి మందము అంగుళములో వెయ్యింట తొమ్మిది వంతులున్న జతను, 25½ అంగుళముల నిడివిగల గిటారుపై శ్రుతి చేసినచో ఆరు తంత్రుల లాగుడును కలిసి సుమారు 38, 39 కిలోల బరువునకు సమానము. "పది" జత వేసినచో సుమారు 47 కిలోలు. ఒక బియ్యపు బస్తాను తాటిచెట్టు మాదిరి నిటారుగా నిలిపి, దానిని చిటికెన వ్రేలితో ఊపి, మరల వెంట్రుకవాసి తేడా లేకుండ యథాస్థానమునకు రావలెననుట వంటి కోరిక ఇది. ఇంతటి లాగుడును ఎదుర్కొనుటకు వెనుకవైపు స్ప్రింగులుండును. ఈ ప్రక్క తంత్రులు, ఆ ప్రక్క స్ప్రింగులు, నడుమ బ్రిడ్జి. ఇది అచ్చముగా త్రాసు. ఈ ఒక్క సంగతి మనస్సున నిలిపినచో మిగిలినదంతయు దానంతటదే తెలియును.

ఈ ఊగు సాధనములలో పాతది బిగ్‌స్బీ. పాల్ బిగ్‌స్బీ యంత్రములపై పనిచేయు నేర్పరి, మోటారు సైకిళ్ల ప్రియుడు. మెర్ల్ ట్రావిస్ అను గాయకుని గిటారుపై అంతకుముందున్న ఒక సాధనము శ్రుతి నిలుపలేకపోవుచుండగా, దానికి బదులుగా ఆయన దీనిని నిర్మించెను. తంత్రులు ఒక లోహపు కడ్డీకి చుట్టుకొని యుండును, మీటక్రింద ఒక్క పొట్టి స్ప్రింగు ఉండును. స్వరమును కొంచెము వణికించుటకు మాత్రమే ఇది తగును. చూచుటకు అందమైనది, మోయుటకు బరువైనది, తంత్రులు మార్చునప్పుడు ఓర్పును పరీక్షించునది. మన పిల్లలు దీనిని అడుగుట అరుదు కనుక ఇంతటితో విడిచెదను.

అంగళ్లలో నూటికి ఎక్కువపాళ్లు కనబడునది ఫెండర్ పద్ధతి. 1954లో స్ట్రాటోకాస్టర్ అను గిటారుతో ఇది లోకమునకు వచ్చినది, 1956లో దీనికి పేటెంటు లభించినది. నేడు పెక్కు సంస్థలు ఆ రూపమునే అనుకరించి అమ్ముచున్నవి. బ్రిడ్జి పలక ముందు అంచున ఆరు మరమేకులు, ఆ అంచుపై పలక ఊగును. పలకక్రింద ఒక బరువైన లోహపు దిమ్మ గిటారు గర్భములోనికి దిగి యుండును, తంత్రులు ఆ దిమ్మగుండ పోవును. గిటారును వెనుకకు త్రిప్పి ప్లాస్టికు మూత తీసినచో స్ప్రింగులు కనబడును. అయిదింటి వరకు తగిలించుటకు చోటుండును, సాధారణముగా మూడుండును. వాని రెండవ చివర ఒక చిన్న లోహపు పంజాకు తగిలి యుండును, ఆ పంజాను రెండు పొడవాటి మరమేకులు చెక్కకు బిగించును. తరువాతి కాలమున, 1987 ప్రాంతమున, ఆరు మరమేకులకు బదులు రెండే స్తంభములపై ఊగు రకమును ఫెండర్ సంస్థవారే తెచ్చిరి. ఊగుట దానిలో మరింత నునుపు.

తండ్రులారా, ఆ పంజా మరమేకులు రెండింటిని గుర్తుంచుకొనుడు. అంగడివాడు చెప్పని రహస్యము అచ్చటనే ఉన్నది. వానిని వదులుచేసినచో బ్రిడ్జి వెనుక అంచు గాలిలోనికి లేచి తేలును. అప్పుడు మీటను క్రిందికి, పైకి రెండు వైపులను ఆడింపవచ్చును. వానిని బాగుగా బిగించినచో బ్రిడ్జి గిటారు పొట్టపై ఆని కూర్చుండును. అప్పుడు మీటతో స్వరమును దింపవచ్చును గాని ఎక్కింపరాదు. ఆ పైన దిమ్మకును చెక్కకును నడుమ ఖాళీలో సరిపడిన కొయ్యముక్కను దూర్చినచో మీట అసలు పనిచేయదు, గిటారు కదలని బ్రిడ్జి గలదానివలె నిలకడగా నుండును. ఒకే గిటారు, ఒక స్క్రూడ్రైవరుతో, ఒక కొయ్యముక్కతో మూడు విధముల గిటారు కాగలదు.

ఇంగ్లండులోని ఇద్దరు ప్రసిద్ధులు దీనికి సాక్షులు. ఎరిక్ క్లాప్టన్, జెఫ్ బెక్. 1965లో యార్డ్‌బర్డ్స్ బృందమును క్లాప్టన్ విడిచిపోగా ఆ స్థానమునకు వచ్చినవాడు బెక్. ఇరువురును పిమ్మట స్ట్రాటోకాస్టరుతోనే పేరు గాంచిరి. క్లాప్టన్ అయిదు స్ప్రింగులను తగిలించి, కొయ్యముక్క దూర్చి మీటను మూగ చేసినాడు. 2023లో కీర్తిశేషుడైన బెక్ బ్రిడ్జిని తేలనిచ్చి, మీటను వ్రేళ్ల నడుమ పట్టి స్వరమును మనుష్యకంఠమువలె పలికించినాడు. ఇరువురిలో ఎవరు గొప్ప అను వాదము మనకు వద్దు. మీట లేక గొప్ప వాదకుడగుట సాధ్యము. మీటతో బెక్ వలె వాయించుటకు బెక్ చెవి కావలెను. ఈ రెండు వాక్యములను మీ ఇంటి కుఱ్ఱవానితో చెప్పుటకు వాడుకొనవచ్చును.

ఫెండర్ సంస్థయే 1958లో జాజ్‌మాస్టర్ అను గిటారునకు వేరొక రకము మీట అమర్చినది. మృదువైనది, చక్కనిది. కాని సన్నని తంత్రులను గట్టిగా మీటినచో బ్రిడ్జి గాడినుండి తంత్రి జారిపోవుట కలదు. తొలి గిటారుగా నేను దానిని సూచింపను.

ఇప్పుడు పిల్లవాడు వ్రేలు పెట్టి చూపిన మూడవదానిని చూతము. స్ట్రాటోకాస్టరు మీటను గట్టిగా నొక్కినచో శ్రుతి చెడును. కారణమేమనగా, బిరడాల చెంత తంత్రులు ఆనెడి చిన్న గట్టున్నది, నట్ అందురు. తంత్రి ఆ గాడిలో జారి, తిరిగి వచ్చునప్పుడు ఒరిపిడిచే పూర్తిగా రాక అచ్చటనే చిక్కుకొనును. బిరడాకు చుట్టిన చుట్లును సర్దుకొనును. ఫ్లాయిడ్ రోజ్ అను అమెరికను వాదకుడు దీనికి విరుగుడు ఆలోచించి, తంత్రిని రెండు చివరలను తాళము వేసినట్లు బిగించెను. నట్ వద్ద పట్టుకొను బిళ్లలు, బ్రిడ్జి వద్ద పట్టుకొను దవడలు. ఇక తంత్రి ఎచ్చటను జారదు. 1979లో పేటెంటు లభించినది. బ్రిడ్జి కత్తి అంచువంటి రెండు వాదరలపై ఊగును. నట్ తాళము వేసిన పిదప బిరడాలు పనికిరావు గనుక, బ్రిడ్జివైపుననే శ్రుతిని సవరించు ఆరు చిన్న మరలను తరువాత చేర్చిరి. మన వీణకు నాగపాశము చెంత లంగరులుండును గదా, అవి చేయు పనియే ఇవియు చేయును. తంత్రులు పూర్తిగా జోగిపోవునంతగా మీటను నొక్కి విడిచినను, మంచి ఫ్లాయిడ్ రోజ్ తిరిగి సరియైన శ్రుతికి వచ్చి నిలుచును. యంత్రముగా చూచినచో నేను దానికి నమస్కరించెదను.

కాని దానిని పోషించుట వేరు విషయము. తంత్రి మార్చవలెనన్నచో చివరనున్న గుండును కత్తిరించి, అలెన్ కీతో దవడను వదులుచేసి, బిగించి, శ్రుతి చేసి, నట్ తాళము వేసి, మరల చిన్న మరలతో సవరింపవలెను. ఆరు తంత్రులకు అలవాటులేని చేతికి ఒక సాయంకాలము పట్టును. బ్రిడ్జి తేలుచున్నచో ఒక తంత్రిని బిగింపగనే త్రాసు వంగి మిగిలిన అయిదును దిగును. వానిని సరిచేయగా మొదటిది మారును. రెండు మూడు చుట్లు తిరిగిన గాని అన్నియు కుదరవు. సన్నని జత తీసి లావు జత వేసినచో స్ప్రింగులనుకూడ సవరింపవలెను. వార్షికోత్సవ వేదికపై పాట నడుమ ఒక తంత్రి తెగినచో, లాగుడు తగ్గి త్రాసు రెండవ ప్రక్కకు వంగి మిగిలిన అయిదు తంత్రులును ఒక్కసారిగా పై శ్రుతికి పోవును. కదలని బ్రిడ్జి అయినచో అయిదు తంత్రులతో పాటను ముగింపవచ్చును.

చౌక నకళ్ల సంగతి మరియు విచారకరము. అసలు సాధనపు బలమంతయు ఆ కత్తివాదరల ఉక్కులో నున్నది. తక్కువ వెల గిటారులపై వచ్చు అనుకరణలు మెత్తని మిశ్రలోహముతో చేసినవై, వాదర త్వరలో మొద్దువారును. పిదప బ్రిడ్జి యథాస్థానమునకు రాదు. అనగా శ్రమ యంతయు మిగిలి, ప్రయోజనము పోవును. చేతిలో నున్న ధనము పరిమితమైనప్పుడు ఆ ధనములో కొంత ఈ యంత్రమునకు పోగా చెక్కకు, మెట్లకు మిగులునది తగ్గునని కూడ ఆలోచింపుడు.

ఒక సంగతి పిల్లలకు చెప్పినచో ఆశ్చర్యపడుదురు. ఫ్లాయిడ్ రోజ్‌ను లోకమునకు పరిచయము చేసినవారిలో ముఖ్యుడు ఎడ్డీ వాన్ హేలెన్. 2020లో మరణించినాడు. ఆయనయే దానిని గాలిలో తేలనీయక, గిటారు పొట్టపై ఆనునట్లు అమర్చుకొనెను. దింపుటకు తప్ప ఎక్కించుటకు వాడలేదు. తంత్రి తెగినను మిగిలినవి నిలుచుట దానివలన కలుగు లాభము.

ఇప్పుడు మన సంగీతమునకు వత్తము. నా అభిప్రాయమునకు మూలమిదియే. వీణపై గమకము పలుకుటకు తంత్రిని మెట్టుపై ప్రక్కకు లాగుదుము. గిటారు నేర్చు పిల్లవాడును మొదటి సంవత్సరముననే ఇట్లు తంత్రిని ప్రక్కకు నెట్టి స్వరము పెంచుట నేర్చును. వీణకు వాయించు తంత్రులు నాలుగు, ప్రక్కన శ్రుతికిని తాళమునకును మూడు తంత్రులు. వాయించు తంత్రిని ఎంత లాగినను ఆ మూడు చలింపవు. కారణము, గుర్రము కదలదు. ఆ గుర్రము స్ప్రింగులపై ఊగునని ఒక్క క్షణము ఊహింపుడు. గమకము లాగినంతసేపు ప్రక్కతంత్రులు మూడును దిగజారును, గమకమునకు ఆధారమైన షడ్జమమే కరిగిపోవును. తేలు బ్రిడ్జి గల గిటారుపై సరిగా ఇదియే జరుగును. ఒక తంత్రిని నెట్టగా మిగిలినవి దిగును. నెట్టిన తంత్రియు అనుకొన్న స్వరమును చేరుటకు ఇంకను దూరము నెట్టవలెను. రెండు తంత్రులను కలిపి మీటుచు ఒకదానిని మాత్రము పెంచవలసిన చోట రెండును కలియవు. పిల్లవాడు తన వ్రేలిదే దోషమనుకొనును. నేర్పు గలవారు దీనిని సవరించుకొని వాయింతురు. నేర్చుకొనువాని కది ఇసుకపై నడక.

విద్యుత్ వాద్యము మన గమకమునకు పరాయిదను మాటను మాత్రము నేను అంగీకరింపను. పాలకొల్లులో 1969లో జన్మించి, ఈ చెన్నై నగరమున జీవించి, 2014లో పరమపదించిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎనిమిది తంత్రుల మాండలినును విడిచి, ఒంటి తంత్రులు అయిదు గల ఎలక్ట్రిక్ మాండలినుపై కర్ణాటక రాగములను పలికించిరి. నాదము ఎక్కువసేపు నిలుచుటకు విద్యుత్తు తోడ్పడినది. గమకము మాత్రము వారి వ్రేళ్లలోనిది. మీ పిల్లవాడు గిటారు అడిగినంతనే మన సంప్రదాయము చేజారినదని దిగులుపడనక్కరలేదు. ఇరుగుపొరుగువారి చెవులను గూర్చిన దిగులు వేరు, దానికి మరియొక సభ కావలెను.

కాబట్టి నా సలహా ఇది. తొలి ఎలక్ట్రిక్ గిటారునకు కదలని బ్రిడ్జి దొరికినచో దానిని కొనుడు. దొరకనిచో, మీటపై మోజు తీరనిచో, స్ట్రాటోకాస్టరు రూపపు గిటారును కొని, అంగడినుండి కదలక ముందే పంజా మరమేకులను బిగింపించి బ్రిడ్జిని పొట్టపై ఆనింపుడు. "వాడనీయని మీటకు ధనమెందుకు?" అని అడుగవచ్చును. ఆ రూపపు గిటారులు విరివిగా దొరకుటచే వెలలో పెద్ద భారము పడదు. పిల్లవాని చేయి కుదిరిన పిదప మరల వదులు చేసికొనవచ్చును, క్రొత్త గిటారు కొనవలసిన పని లేదు. అప్పుడు తంత్రిని పట్టుకొను తాళపు బిరడాలను వేయించినచో ఫ్లాయిడ్ రోజ్ లేకయే నిలకడ చాలవరకు లభించును. ఫ్లాయిడ్ రోజ్ కావలెనని మీ అమ్మాయియో, అబ్బాయియో ఇంకను కోరినచో, ఒక్క నియమము పెట్టుడు: ఉన్న గిటారునకు ఆరు తంత్రులను ఎవరి సాయమును లేక తానే మార్చి శ్రుతి చేసి చూపవలెను. చూపిన బిడ్డకు కాదనకుడు. అట్టి బిడ్డ ఆ యంత్రమును ఏలుకొనగలదు.

అంగడిలో పరీక్ష సులభము. సెల్‌ఫోనులో శ్రుతి చూపు సాధనముండును, దానితో ఆరు తంత్రులను సరిచేయింపుడు. మీటను సగము వరకు నాలుగైదు మారులు నొక్కి విడువుడు. మూడవ తంత్రిని బాగుగా నెట్టి విడువుడు. మరల చూడుడు. తంత్రులు కొంచెము మాత్రము కదలినచో నట్ గాడులలో పెన్సిలు ములుకు రాయించి మరియొకమారు చూడుడు, గ్రాఫైటు చక్కని కందెన. అప్పటికిని బాగుగా తేడా వచ్చుచున్నచో రంగు ఎంత మెరసినను ఆ గిటారును విడువుడు. పాత గిటారు కొనునప్పుడు వెనుక మూత తీయించి స్ప్రింగులను, బ్రిడ్జి ఊగు అంచును కంటితో చూడుడు. మన సముద్రపుటూళ్ల ఉప్పుగాలి ఇనుమును ఊరక విడువదు. త్రుప్పుపట్టిన స్ప్రింగు చౌకగా మారును, అరిగిన వాదర మారదు.

వాయించిన పిదప తంత్రులను, బ్రిడ్జిని పొడిగుడ్డతో తుడిచి పెట్టుట పిల్లలకు అలవాటు చేయుడు. మీట కడ్డీ ఊడివచ్చు వస్తువు, ఇంటిలో మొదట కనబడకుండ పోవునది అదియే. సంచిలో దానికొక చోటు ఏర్పరుపుడు. ఈ సభ ముగిసిన పిదప సంగీత తరగతి గదిలో రెండు గిటారులను వెనుక మూతలు తీసి ఉంచుదుము. పంజా మరమేకులను చూడగోరువారు అచ్చటికి రావచ్చును.